లాటినో వలసదారుల ఆరోగ్యం: తప్పంతా తిండిదేనా?

2019 మరణాల లెక్కల ప్రకారం అమెరికాలో లాటినోల, అంటే లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్ల, సగటు ఆయుర్దాయం 81.9 ఏళ్లు. శ్వేతజాతీయులది 78.8, నల్లజాతీయులది 74.8. అదే ఏడాది లాటినోల్లో పేదరికం 15.7 శాతం ఉంటే, లాటినోలు కాని శ్వేతజాతీయుల్లో 7.3 శాతమే ఉంది. ఆరోగ్య బీమా లేనివాళ్లు కూడా లాటినోల్లో చాలా ఎక్కువ. పొలాల్లో, మాంసం కర్మాగారాల్లో, ఇళ్ల కప్పుల మీద, హోటళ్ల వంటగదుల్లో ఒళ్లు హూనం చేసుకునేది వీళ్లే. పేదరికం ఆయుష్షును కోసేస్తుందని ప్రజారోగ్య శాస్త్రం ఎప్పటి నుంచో చెబుతోంది. ఆ లెక్కన వీళ్లు శ్వేతజాతీయుల కన్నా ముందే పోవాలి. కానీ వాళ్ల కన్నా మూడేళ్లు ఎక్కువే బతుకుతున్నారు.

ఈ విచిత్రాన్ని మొదట గట్టిగా పట్టుకున్నది కిరియాకోస్ మార్కిడెస్, జీనీన్ కోరెయిల్ అనే ఇద్దరు పరిశోధకులు. నైరుతి అమెరికాలోని లాటినోలు ఆదాయంలో, చదువులో నల్లజాతీయులకు దగ్గరగా ఉన్నా, శిశుమరణాలు, గుండెజబ్బులు, క్యాన్సర్ వంటి కొలమానాల్లో శ్వేతజాతీయులకు దగ్గరగా ఉన్నారని 1986లో రాశారు. తర్వాత దీనికి లాటినో పారడాక్స్ (లాటినో వైచిత్రి) అనే పేరు స్థిరపడింది. నలభై ఏళ్లుగా దీని మీద వాదోపవాదాలు నడుస్తూనే ఉన్నాయి. ఈ లెక్కలో సంతోషించాల్సింది ఎంత ఉందో, కలవరపడాల్సిందీ అంతే ఉంది. ఆ మేలు నిలవడం లేదు. వలస వచ్చిన తరంలో కనిపించిన ఆరోగ్యం అమెరికాలో ఏళ్లు గడిచేకొద్దీ తరుగుతోంది, అక్కడే పుట్టిన పిల్లల తరానికి వచ్చేసరికి చాలా విషయాల్లో కరిగిపోతోంది. ఎందుకు?

అందరి నోటా వినిపించే జవాబు ఒకటుంది. ఊళ్లో బీన్స్, మొక్కజొన్న రొట్టె, కూరగాయలు తినేవాళ్లు. ఇక్కడికొచ్చి బర్గర్లకు, కూల్‌డ్రింకులకు మరిగారు. నడక పోయి కారు వచ్చింది. ఉమ్మడి కుటుంబం పోయి ఒంటరితనం వచ్చింది. అంటే అమెరికా సంస్కృతి ఒంటబట్టింది, దాంతోపాటే అమెరికా జబ్బులూ వచ్చాయి. ఇందులో నిజం లేకపోలేదు. కానీ ఇది సగం కథ. మిగతా సగం వాళ్లు ఏం తిన్నారన్న దానిలో లేదు. ఎదుటివాళ్లు వాళ్లను ఏ జాతిగా చూశారు, ఏ మెట్టు మీద నిలబెట్టారు, వాళ్ల చేతికి ఏ కాగితం ఇచ్చారు అన్న దానిలో ఉంది. ఆ సగాన్ని పక్కనబెట్టి మొత్తం భారాన్ని సంస్కృతి మీదకు నెట్టడం శాస్త్రపరంగా తప్పు, మానవత్వం రీత్యా అన్యాయం.

ముందు, మేలు ఎక్కడి నుంచి వచ్చింది?

వలసదారుల ఆరోగ్యానికి చెప్పే కారణాల్లో మొదటిది ఎంపిక. సొంత ఊరు వదిలి, అప్పు చేసి, ఎడారి దాటి, తెలియని దేశంలో కూలిపనికి దిగాలంటే ఒంట్లో సత్తువ ఉండాలి. మంచాన పడ్డవాళ్లు బయల్దేరరు. కాబట్టి వచ్చినవాళ్లే ఆరోగ్యవంతులు అన్నది వాదన. రెండో కారణం, ముసలితనంలోనో జబ్బు ముదిరాకో చాలామంది స్వదేశానికి వెళ్లి అక్కడే కన్నుమూస్తారు, ఆ చావులు అమెరికా లెక్కల్లోకి ఎక్కవు అని.

ఈ రెండు కారణాలనూ అనా అబ్రైడో-లాంసా బృందం 1999లో తెలివిగా పరీక్షించింది. క్యూబా నుంచి వచ్చినవాళ్లు రాజకీయ కారణాల వల్ల తిరిగి వెళ్లలేరు. ప్యూర్టోరికో అమెరికా అధీనంలోనే ఉంది కాబట్టి అక్కడికి తిరిగి వెళ్లి చనిపోయినా ఆ చావు అమెరికా లెక్కల్లోకే వస్తుంది. చావులు లెక్క తప్పడమే అసలు కారణమైతే ఈ రెండు వర్గాల్లో మేలు కనిపించకూడదు. కానీ కనిపించింది. అమెరికాలోనే పుట్టిన లాటినోల్లోనూ కొంత కనిపించింది. వీళ్ల విషయంలో వలస ఎంపిక అన్న మాటే రాదు. అయితే 2004లో అల్బెర్టో పలోని, ఎలిజబెత్ అరియాస్ మరో కోణం చూపారు. మెక్సికో వలసదారుల వరకు తిరుగు ప్రయాణాల ప్రభావం గట్టిగానే ఉందన్నారు. అంటే ఒక్కో దేశం వాళ్లకు ఒక్కో కథ.

వీటన్నిటి కన్నా సాదాసీదా కారణం ఒకటి చాలాకాలం ఎవరి కంటా సరిగా పడలేదు. అది పొగాకు. మెక్సికో నుంచి వచ్చినవాళ్లు సిగరెట్లు తక్కువ కాలుస్తారు, కాల్చేవాళ్లు కూడా రోజుకు కొన్నే కాలుస్తారు. యాభై ఏళ్లు దాటిన లాటినోలకు శ్వేతజాతీయుల మీద ఉన్న ఆయుర్దాయపు మేలులో సగానికి పైగా ఈ ఒక్క తేడాతోనే వివరించవచ్చని ఆండ్రూ ఫెనెలన్ లెక్కగట్టారు. ఇది సంస్కృతి చేసిన మేలే అనుకోవచ్చు. సిగరెట్ కంపెనీలు ఎవరి జేబులను ముందుగా గురిపెట్టాయన్న చరిత్ర కూడా అందులో కలిసే ఉంది.

మెట్టు దిగినకొద్దీ

మేలు తరిగిపోవడం అన్నిటికన్నా స్పష్టంగా కనిపించింది మానసిక ఆరోగ్యంలో. కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో కౌంటీ ద్రాక్షతోటలకు, పత్తికి, టమాటాకు పేరుపడ్డ ప్రాంతం. అక్కడి మెక్సికో మూలాలున్న మూడు వేల మందిని విలియం వేగా బృందం ఇంటర్వ్యూ చేసి 1998లో ఫలితాలు ప్రచురించింది. మెక్సికోలో పుట్టి వలస వచ్చినవాళ్లలో జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు మానసిక రుగ్మత వచ్చినవాళ్లు 24.9 శాతం. మెక్సికో సిటీలో చేసిన సర్వేలో అదే అంకె 23.4, అంటే దాదాపు సమానం. అదే అమెరికాలో పుట్టినవాళ్లలో 48.1 శాతం. ఇంగ్లిష్ బాగా వచ్చి, స్కూలుకు వెళ్లి, అమెరికా పౌరులైన పిల్లలకు, పొలంలో నడుము వంచిన తల్లిదండ్రుల కన్నా దాదాపు రెట్టింపు బాధ.

ఈ అంకె చూసి అమెరికా సంస్కృతే కారణమని తేల్చేయడం చాలా తేలిక. అయితే ఆ మాట అనడానికి ముందు పరిశోధకులు సంస్కృతిని ఎలా కొలుస్తారో చూడాలి. ఈ రంగంలో బాగా వాడుకలో ఉన్న కొలబద్దల్లో ఒకటి గెరార్డో మారిన్ బృందం 1987లో తయారుచేసిన పన్నెండు ప్రశ్నల పట్టిక. ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, ఏ భాషలో ఆలోచిస్తారు, టీవీ, రేడియో ఏ భాషలో పెడతారు, స్నేహితులు ఎవరు, పిల్లల స్నేహితులు ఎవరైతే మీకిష్టం... ఇలా సాగుతుంది. జవాబులకు మార్కులు వేసి, సగటు తీసి, ఈ మనిషి అమెరికా సంస్కృతిలో ఇంత మేర ఒదిగిపోయాడని నిర్ణయిస్తారు. కొన్ని అధ్యయనాలకు అంత ఓపిక కూడా లేదు. ఇంటర్వ్యూ ఇంగ్లిష్‌లో ఇచ్చాడా స్పానిష్‌లో ఇచ్చాడా, ఎన్నేళ్లుగా ఉంటున్నాడు అన్న రెండు విషయాలతోనే సరిపెట్టుకుంటాయి.

ఈ పద్ధతి మీద లిండా హంట్, ఆమె సహ రచయితలు 2004లో గట్టి విమర్శ చేశారు. లాటినో సంస్కృతి అంటే ఏమిటో, అమెరికా ప్రధాన సంస్కృతి అంటే ఏమిటో ఎక్కడా నిర్వచించకుండానే ఒకదాని నుంచి మరొకదానికి ఎంత దూరం నడిచారో కొలుస్తున్నారని ఎత్తిచూపారు. ఆ మాటలో చాలా బలం ఉంది. స్పానిష్ టీవీ చూడటానికీ రక్తంలో చక్కెరకూ మధ్య ఏం జరుగుతుందో చెప్పకుండా రెండిటినీ ఒక పట్టికలో పెట్టి గీత గీస్తే, మధ్యలో జరిగినదంతా కనుమరుగవుతుంది. ఇంగ్లిష్ మార్కు పెరిగిన మనిషి జీవితంలో అదే కాలంలో పెరిగినవి ఇంకెన్నో ఉంటాయి: యజమాని మాటలు అర్థం కావడం, దుకాణంలో వెంటపడి చూసే చూపు అర్థం కావడం, స్కూల్లో కొడుకును ఏ వరుసలో కూర్చోబెట్టారో తెలిసిరావడం.

పైగా ఒదిగిపోవడం ఎప్పుడూ చేటే చేస్తుందన్నది కూడా నిజం కాదు. టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో 1979లో మొదలైన పెద్ద గుండె అధ్యయనంలో మెక్సికన్ అమెరికన్లను మూడు రకాల పేటల నుంచి తీసుకున్నారు. పేద బారియో (మెక్సికన్లు దట్టంగా ఉండే పేట), మధ్యరకం పేట, సంపన్న శివారు. బారియో నుంచి శివారుకు వెళ్లేకొద్దీ ఊబకాయం, మధుమేహం తగ్గాయి. సంస్కృతిలో ఒదిగిన కొలతతో చూసినా అదే ధోరణి కనిపించింది. అమెరికా తిండే విషమైతే అమెరికాతనం బాగా ఒంటబట్టినవాళ్లలో షుగర్ పెరగాలి కదా! 2005లో మారియెలెనా లారా బృందం అప్పటివరకు వచ్చిన పరిశోధనలన్నిటినీ జల్లెడపట్టి ఇలాంటి మిశ్రమ చిత్రాన్నే ఇచ్చింది. తిండి, మద్యం, మాదకద్రవ్యాలు, కాన్పుల ఫలితాల్లో చెడు. బీమా, ముందస్తు పరీక్షలు, డాక్టర్ అందుబాటులో మంచి. స్త్రీల మీద ప్రభావం ఒక రకం, పురుషుల మీద మరో రకం. వలస స్త్రీలు సిగరెట్, మద్యం ముట్టుకోవడం అరుదు. కూతుళ్ల తరంలో ఆ గోడ కూలుతుంది.

తిండి వాదనకు మరో చిక్కు కూడా ఉంది. వదిలొచ్చిన ఊరు అక్కడే ఆగిపోలేదు. 1994 స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం తర్వాత మెక్సికో కూల్‌డ్రింకుల వాడకంలో ప్రపంచంలో ముందు వరుసలోకి వచ్చింది. 2014లో వాటి మీద ప్రత్యేక పన్ను వేయాల్సి వచ్చింది. ఇప్పుడు సరిహద్దు దాటే యువకుడు తాతగారి మొక్కజొన్న రొట్టెల లోకం నుంచి రావడం లేదు.

ఎవరు ఏ జాతి?

లాటినో అన్నది జాతి కాదని అమెరికా ప్రభుత్వమే చాలాకాలం చెబుతూ వచ్చింది. ఆ పేరు కింద స్పెయిన్ రక్తం ఉన్న అర్జెంటీనా మనిషి, ఆఫ్రికా మూలాలున్న డొమినికన్, స్పానిష్ సరిగా రాని, మెక్సికోలోని ఒవాహాకా ప్రాంతపు ఆదివాసి, మయామీలో మూడు తరాలుగా ఉంటున్న క్యూబన్ వ్యాపారి అందరూ ఉన్నారు. ఒకే గాటన కట్టిన ఈ జనంలో ఆరోగ్యం కూడా ఒకేలా లేదు. బ్రాంక్స్, చికాగో, మయామీ, శాన్ డియేగో నగరాల్లో 2008-2011 మధ్య 16,415 మందిని పరీక్షించిన భారీ అధ్యయనంలో మధుమేహం దక్షిణ అమెరికా మూలాల వాళ్లలో 10.2 శాతం, మెక్సికో మూలాల వాళ్లలో 18.3 శాతం తేలింది. ఆస్తమా ప్యూర్టోరికన్లలో మిగతా అందరి కన్నా ఎక్కువ. 1917 నుంచి పుట్టుకతోనే అమెరికా పౌరులైన ప్యూర్టోరికన్లే లాటినోల్లో చాలా కొలమానాల ప్రకారం ఎక్కువ జబ్బుపడుతున్నారు. మార్గరీటా అలెగ్రియా నాయకత్వంలో జరిగిన జాతీయ సర్వే కూడా మానసిక రుగ్మతల విషయంలో వలసదారుల మేలు మెక్సికన్లలో స్పష్టంగా ఉందని, ప్యూర్టోరికన్లలో లేదని చూపింది.

ప్రభుత్వం ఏం చెప్పినా సమాజం మాత్రం వీళ్లను జాతిగానే చూసింది. చట్టం కూడా ఊగిసలాడింది. 1897లో టెక్సాస్ ఫెడరల్ కోర్టు రికార్డో రోడ్రిగెస్ కేసులో మెక్సికన్లు పౌరసత్వానికి అర్హులని తీర్పు చెప్పింది. ఆ కాలంలో పౌరసత్వం శ్వేతజాతీయులకు, ఆఫ్రికా మూలాల వారికే దక్కేది కాబట్టి, దాంతో మెక్సికన్లు చట్టం దృష్టిలో శ్వేతజాతీయులయ్యారు. 1930 జనాభా లెక్కల్లో మెక్సికన్ అనే ప్రత్యేక జాతి గడి పెట్టారు. గట్టి నిరసనలు రావడంతో 1940లో తీసేశారు. 1936లో టెక్సాస్‌లోని ఎల్ పాసో నగరంలో జరిగినది ఇంకా సూటిగా ఉంది. అక్కడి అధికారులు మెక్సికన్ల జననమరణాలను శ్వేతజాతి పట్టిక నుంచి తీసి రంగుజాతుల పట్టికలో వేయబోయారు. శ్వేతజాతి శిశుమరణాల రేటు పెద్దదిగా కనిపించి ఊరి పేరు పోతోందన్నది వాళ్ల బాధ. పిల్లలు చనిపోకుండా చూడటానికి బదులు చనిపోయిన పిల్లల జాతి మార్చాలనుకున్నారు. మెక్సికన్ అమెరికన్ సంఘాలు ఉవ్వెత్తున లేచి ఆపించాయి. ఆరోగ్య గణాంకాలకూ జాతికీ ఉన్న ముడి ఎంత పాతదో ఈ ఒక్క సంఘటన చాలు చెప్పడానికి.

ఇక జాతి ఒంట్లోకి ఎలా దిగుతుందన్న ప్రశ్నకు ప్యూర్టోరికో ఆగ్నేయ తీరంలోని గ్వయామా పట్టణంలో వచ్చిన జవాబు చిన్నదే, కానీ చాలా పదునైనది. క్లారెన్స్ గ్రేవ్లీ, ఆయన సహచరులు అక్కడ వంద మంది పెద్దల రక్తపోటు చూశారు. చర్మం రంగును రెండు విధాలుగా నమోదు చేశారు. ఒకటి, చర్మం మీద కాంతి పడేసి ఎంత తిరిగి వస్తుందో కొలిచే యంత్రంతో. రెండు, ఆ ఊళ్లో జనం ఆ మనిషిని బ్లాంకో (తెల్లవాడు) అంటారా, త్రిగేన్యో (గోధుమరంగు వాడు) అంటారా, నెగ్రో (నల్లవాడు) అంటారా అన్నది. ఈ రెండో దానిలో చర్మంతో పాటు జుట్టు, ముక్కు, పెదవులు, వేషం అన్నీ కలుస్తాయి. 2005లో వచ్చిన ఫలితం ప్రకారం యంత్రం కొలిచిన రంగుకూ బీపీకీ సంబంధం లేదు. ఊరు వేసిన ముద్రకు ఉంది. అది కూడా ఆర్థిక స్థాయితో కలిసి పనిచేసింది. మిగతావాళ్ల సంగతి వేరు. నెగ్రో అని చూడబడేవాళ్లలో మాత్రం చదువూ సంపాదనా పెరిగినచోట బీపీ ఎక్కువగా ఉంది. పైమెట్టు ఎక్కిన నల్లటి మనిషి రోజూ ఎదుర్కొనే చూపులేమిటో, మాటలేమిటో ఊహించుకోవచ్చు. చర్మంలోని మెలనిన్ బీపీ పెంచలేదు. పక్కవాళ్ల లెక్కలో తన స్థానమేమిటన్నది పెంచింది.

అమెరికా ప్రధాన భూభాగంలోనూ ఇదే కనిపించింది. కమారా జోన్స్ బృందం 2004 నాటి ఎనిమిది రాష్ట్రాల సర్వేను తీసుకుని, మిమ్మల్ని మీరు ఏ జాతి అనుకుంటారు అన్న ప్రశ్నతో పాటు, ఈ దేశంలో ఇతరులు మిమ్మల్ని సాధారణంగా ఎవరనుకుంటారు అన్న ప్రశ్నకు వచ్చిన జవాబులనూ చూసింది. తమను తాము హిస్పానిక్ (ప్రభుత్వ లెక్కల్లో లాటినోలకు వాడే మరో పేరు) అని చెప్పుకున్నా ఇతరులు శ్వేతజాతీయులనుకునే వాళ్లు తమ ఆరోగ్యం బాగుందని చెప్పడం ఎక్కువ; శ్వేతజాతీయులతో దాదాపు సమానంగా చెప్పారు. అదే మూలాలుండి, చూడగానే హిస్పానిక్ అని గుర్తుపట్టబడేవాళ్లు వెనకబడ్డారు. ఇద్దరి ఇంట్లోనూ అమ్మమ్మ చేసే వంట ఒకటే కావచ్చు.

ప్యూ రీసెర్చ్ అనే సర్వే సంస్థ 2021లో చేసిన సర్వేలో ముదురు చర్మం ఉన్న లాటినోల్లో 64 శాతం మంది గత ఏడాదిలో వివక్ష ఎదురైందన్నారు, లేతరంగు వాళ్లలో 54 శాతం. అమెరికాలో లాటినో పెద్దల్లో దాదాపు 60 లక్షల మంది ఆఫ్రో-లాటినోలని, అంటే ఆఫ్రికా మూలాలున్న లాటినోలని, అదే సంస్థ అంచనా. నల్లజాతి లాటినోల ఆరోగ్యం తెల్లటి లాటినోల కన్నా అమెరికా నల్లజాతీయులకు దగ్గరగా ఉంటుందని లూయిసా బొరెల్ వంటివాళ్లు ఏళ్లుగా రాస్తున్నారు. లాటినో పారడాక్స్ గురించి పొంగిపోయే వ్యాసాల్లో వీళ్ల ప్రస్తావన ఎక్కడో అడుగున పడిపోవడం బాధాకరం.

నేర్చుకునేది భాష ఒక్కటే కాదు

మెక్సికో గ్రామంలో పెరిగిన మనిషికి తాను మైనారిటీ అన్న స్పృహ ఉండదు. ఆమె పేదరాలు కావచ్చు, కానీ ఊళ్లో అందరిలాంటిదే. అమెరికాకు వచ్చాక కూడా మొదట తన భాష, తన చర్చి, తన దుకాణం ఉన్న పేటలోనే ఉంటుంది. తనను తక్కువ చేస్తున్న మాట అర్థమయ్యేంత ఇంగ్లిష్ ఉండదు. పోల్చుకునేది వెనకటి ఊరితోనే. కూతురి సంగతి అలా కాదు. ఆమె ఇంగ్లిష్ స్కూల్లో కూర్చుంటుంది, తన దేశం ఇదే అనుకుంటుంది, ఆ దేశం తనను పరాయిగా చూస్తోందని ప్రతి రోజూ గ్రహిస్తుంది. ఎడ్నా విరుయెల్-ఫుయెంటెస్ డెట్రాయిట్‌లో రెండు తరాల మెక్సికో స్త్రీలతో మాట్లాడి 2007లో రాసిన పరిశోధన సారం ఇదే. వివక్ష గురించి ఎక్కువగా, బరువుగా చెప్పింది రెండో తరం వాళ్లు. పట్టికల్లో అమెరికా సంస్కృతిలో ఒదిగినట్టు మార్కులు పడ్డవాళ్లు నిజానికి అమెరికా జాతి నిచ్చెనలో తమ మెట్టు ఏదో తెలుసుకున్నవాళ్లు.

సొంతవాళ్ల మధ్య బతకడం ఎంత కాపాడుతుందో వృద్ధుల్లోనూ తేలింది. మార్కిడెస్ బృందం నైరుతి రాష్ట్రాల్లో 65 దాటిన మూడు వేల మందికి పైగా మెక్సికన్ అమెరికన్లను 1993 నుంచి గమనిస్తూ వచ్చింది. మెక్సికన్ జనాభా దట్టంగా ఉన్న పేటల్లోని వృద్ధుల్లో, ఆ పేటలు పేదవే అయినా, మరణాల రేటు తక్కువని 2004లో బయటపడింది. సాయంత్రం తలుపు తట్టి మందు వేసుకున్నావా అని అడిగే మనిషి విలువ ఏ ఆసుపత్రి బిల్లులోనూ కనిపించదు. అయినా ఈ వాదనను అతి చేయకూడదు. పేట కాపాడుతుంది కదా అని బీమా ఇవ్వకపోవడానికి సాకు దొరకకూడదు.

అలాగని రెండు సంస్కృతుల మధ్య నలిగిపోవడమన్నది కట్టుకథ కాదు. మయామీలో క్యూబన్ కుటుంబాలతో 1970ల నుంచి పనిచేసిన హోసె సాపోచ్నిక్ గమనించింది ఇదే. పిల్లలు ఇంగ్లిష్ లోకంలోకి దూసుకుపోతారు, తల్లిదండ్రులు వెనకబడతారు, ఇంట్లో అధికారం తలకిందులవుతుంది. బ్యాంకులో, ఆసుపత్రిలో తండ్రి తరఫున పదేళ్ల కొడుకు మాట్లాడతాడు. తల్లి గర్భసంచి సమస్య గురించి డాక్టర్ చెప్పింది కూతురు స్పానిష్‌లోకి మార్చి చెప్పాల్సి వస్తుంది. రెండు లోకాల్లోనూ కాలు నిలదొక్కుకున్న పిల్లలకు, పెద్దలకు మేలు జరుగుతుందని ఆయన చికిత్సా పద్ధతి నమ్మింది. పాతది పూర్తిగా వదిలేయమని గానీ కొత్తదాన్ని దూరం పెట్టమని గానీ అది చెప్పలేదు. ఈ రంగంలో తొందరగా ఆచరణలో పెట్టదగ్గ పని ఇదే.

సంస్కృతి మారలేదు, అయినా ఒళ్లు మారింది

సంస్కృతికీ జాతికీ మధ్య గీత గీయాలంటే, సంస్కృతి ఏమీ మారకుండా చుట్టూ పరిస్థితి ఒక్కసారిగా మారిన సందర్భం కావాలి. అయోవా రాష్ట్రంలోని పోస్ట్‌విల్ అలాంటి సందర్భం. రెండు వేల పైచిలుకు జనాభా ఉన్న చిన్న ఊరు. 2008 మే 12న దాదాపు 900 మంది ఫెడరల్ ఏజెంట్లు హెలికాప్టర్లతో వచ్చి అక్కడి మాంసం కర్మాగారాన్ని చుట్టుముట్టారు. 389 మందిని అరెస్టు చేశారు, అత్యధికులు గ్వాటెమాలా వాళ్లు. సంకెళ్లు వేసి వాటర్లూ పట్టణంలో పశువుల ప్రదర్శనలు జరిగే మైదానానికి తరలించారు, విచారణలు కూడా అక్కడే జరిపారు. ఊళ్లో తల్లులు పిల్లలతో చర్చిలో తలదాచుకున్నారు.

నికోల్ నోవాక్, అర్లీన్ జెరోనిమస్, అరేషా మార్టినెస్-కార్డోసో ఆ తర్వాతి 37 వారాల్లో అయోవా అంతటా జరిగిన కాన్పులను, అంతకు ముందు ఏడాది అదే వారాల కాన్పులతో పోల్చారు. లాటినా తల్లులకు తక్కువ బరువుతో బిడ్డ పుట్టే ముప్పు 24 శాతం పెరిగింది. శ్వేతజాతి తల్లుల్లో పెరగలేదు. ఇక్కడ చూడాల్సింది ఇంకొకటుంది. పెరుగుదల వలస వచ్చిన తల్లులకే పరిమితం కాలేదు. అమెరికాలో పుట్టిన, పౌరసత్వం ఉన్న, దేశం నుంచి పంపేయడం చట్టప్రకారం అసాధ్యమైన లాటినా తల్లుల్లోనూ పెరిగింది. వాళ్లు నెల తిరక్కముందే తిండి మార్చుకోలేదు, భాష మార్చుకోలేదు. కడుపులోని బిడ్డ బరువును తగ్గించింది భయం. ఆ భయానికి ఆధారం కాగితాలు కూడా కాదు, ముఖం. ఈ ముఖం ఉన్నవాళ్లను ఇలా చేస్తారని ఆ రోజు రాష్ట్రమంతా చూసింది.

దీనికి ఎదురు దిశలో సాగిన ఉదాహరణ ఒరెగాన్‌లో ఉంది. చిన్నప్పుడు వలస వచ్చి కాగితాలు లేకుండా పెరిగినవాళ్లకు 2012లో డాకా పథకం బహిష్కరణ నుంచి తాత్కాలిక రక్షణ ఇచ్చింది. అర్హతకు పుట్టినరోజు గడువు ఉంది. 1981 జూన్ నడుమ ఉన్న ఆ గడువుకు అటూఇటూ కొద్ది తేడాతో పుట్టిన తల్లులను, అమెరికా పౌరులైన వాళ్ల పిల్లలను జెన్స్ హైన్‌ముల్లర్ బృందం పోల్చింది. తల్లికి రక్షణ దొరికిన ఇళ్లలో పిల్లల సర్దుబాటు రుగ్మతలు, ఆందోళన రుగ్మతల నిర్ధారణలు 7.8 శాతం నుంచి 3.3 శాతానికి పడిపోయాయి. ఆ ఇళ్లలోనూ అదే వంట, అదే భాష, అదే పాట. మారినది తల్లి పర్సులోని ఒక కార్డు. పిల్లల ఆందోళనను సగానికి పైగా తగ్గించే మందు ఏదైనా కంపెనీ తెచ్చి ఉంటే పత్రికలు పతాక శీర్షికలు పెట్టేవి.

కోవిడ్ ఇదే పాఠాన్ని క్రూరంగా చూపింది. 2019లో 81.9 ఉన్న లాటినోల ఆయుర్దాయం 2021కి 77.8కి పడింది. శ్వేతజాతీయులతో తేడా మూడేళ్ల నుంచి దాదాపు ఒక ఏడాదికి చిక్కిపోయింది. నలభై ఏళ్లుగా శాస్త్రవేత్తలను అబ్బురపరచిన మేలు రెండేళ్లలో చాలావరకు కరిగిపోవడానికి కారణం అలవాట్లు కాదు. అత్యవసర కార్మికులన్న పేరుతో పనిలో ఉంచారు, కర్మాగారాల్లో భుజం భుజం తగిలేలా నిలబెట్టారు, ఇళ్లు ఇరుకు, ప్రభుత్వ సాయం తీసుకుంటే గ్రీన్ కార్డు రాదేమోనన్న భయం, 2020 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చిన కఠిన నిబంధనతో ఇంకా ముదిరింది. 2023కల్లా ఆయుర్దాయం మళ్లీ 81.3కి చేరింది, తేడా మూడేళ్లకు దగ్గరైంది. తిరిగి వచ్చింది కాబట్టి సంతోషమే. ఆ మధ్యలో పోయినవాళ్లు తిరిగి రారు.

ఇక్కడ దక్షిణాసియా వలసదారుల గురించి ఒక మాట చెప్పడం అవసరం. 1923లో భగత్ సింగ్ తిండ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు శ్వేతజాతీయులు కాదని తేల్చింది, పౌరసత్వాలు రద్దయ్యాయి. 1965 తర్వాత వచ్చిన తెలుగువారిలో అత్యధికులు డిగ్రీలతో, వీసాలతో, ఉద్యోగంతో పాటు బీమాతో వచ్చారు. స్ట్రాబెర్రీ తోటల్లో రోజంతా నడుము వంచే ఒవాహాకా మనిషికి ఆ తలుపు తెరుచుకోలేదు. అయినా మధుమేహం, గుండెజబ్బులు మనవాళ్లనూ వదల్లేదు. దక్షిణాసియావాసుల గుండె ఆరోగ్యం మీద శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతంలో, చికాగోలో 2010లో మొదలైన, మసాలా అనే పేరున్న అధ్యయనం తొలి విడతలో 906 మందిని తీసుకుని ఈ ఒదుగుదల ప్రశ్నలే అడుగుతోంది. లాటినోల మీద జరిగిన పొరపాటు అందులో జరగకూడదు. అన్నం, నెయ్యి, పండగ స్వీట్ల లెక్కతో పాటు వీసా ఏళ్ల తరబడి తేలని ఆదుర్దానూ లెక్కించాలి.

2020 జనాభా లెక్కల్లో అమెరికాలో లాటినోలు 6 కోట్ల 21 లక్షలు. జాతి గడిలో కేవలం శ్వేతజాతి అని రాసుకున్న లాటినోలు 2010లో 2 కోట్ల 67 లక్షలుంటే 2020లో కోటి 26 లక్షలకు తగ్గారు. ఫారంలో, జవాబులను వర్గీకరించే పద్ధతిలో చేసిన మార్పులు ఇందుకు చాలావరకు కారణం. ఒక ప్రశ్న తీరు మారితే కోట్ల మంది జాతి మారిపోయే ఈ పరిస్థితిలో, 2024 మార్చిలో ప్రభుత్వం మరో నిర్ణయం తీసుకుంది. దాని ప్రకారం జాతి ప్రశ్న, హిస్పానిక్ ప్రశ్న వేరువేరుగా ఉండవు. ఒకే ప్రశ్నలో లాటినో కూడా ఒక గడి అవుతుంది. ఎన్ని గడులైనా టిక్కు పెట్టవచ్చు. ఫారం నింపడం తేలికవుతుంది, నిజమే. కానీ లాటినో గడిలో టిక్కు పెట్టి ఆగిపోయే నల్లజాతి లాటినో, ఆదివాసి లాటినో లెక్కల్లోంచి మాయమైపోతారని ఆఫ్రో-లాటినో పరిశోధకులు అప్పుడే అభ్యంతరం చెప్పారు. ఆరోగ్య సర్వేలు చేసేవాళ్లు కనీసం కమారా జోన్స్ వాడిన ఆ రెండో ప్రశ్నను, ఇతరులు మిమ్మల్ని ఎవరనుకుంటారన్న దాన్ని, దాని పక్కన బీమా, వలస హోదా వివరాలను భద్రత హామీతో అడగడం మొదలుపెట్టాలి. గ్వయామాలో వంద మందితో తేలినది దేశమంతటా ఎంతవరకు నిజమో అప్పుడే తెలుస్తుంది.